గంటన్నరలో సున్నా

పిల్లల అత్యవసర విభాగం,
డాక్టర్ల గది,
జూన్ 4.

ఒరేయ్ తమ్ముడూ,

నీ కూతురు బొంగరం క్షేమంగా ఇల్లు చేరిందని మరదలు కబురు పెట్టింది. ఇక నువ్వు ఫోన్ చేసి నా బుర్ర తినకు. మనిద్దరం ఫోన్లో మూడు నిమిషాలు దాటితే అరుచుకుంటామని, ఏదున్నా కాగితం మీదే రాసుకోమని నాన్న పెట్టిన రూలు ఆయన పోయాక కూడా నేను పాటిస్తున్నాను. కాగితం మీద తిట్టుకుంటే కనీసం పక్కింటివాళ్ళకి వినపడదు.

జరిగింది చెప్తాను. ఆదివారం మధ్యాహ్నం బొంగరం నా ముందుగదిలో చేతుల మీద నడిచి చూపిస్తానంది. నువ్వు నేర్పిన ఘనకార్యమే. వద్దన్నాను. ఒకరి మాట ఒకరు వినే వంశమా మనది! రెండడుగులు బాగానే వేసింది. మూడో అడుగులో చెయ్యి జారి, తల వెనకభాగం ఇనుపమంచం కోడుకి తగిలింది. స్పృహ పోలేదు. కానీ "అత్తా, మనం భోంచేశామా?" అని నాలుగుసార్లు అడిగింది. ఆ తర్వాత వాంతి. వెంటనే మా విభాగానికే ఎత్తుకెళ్ళాను.

తలకి దెబ్బ తగిలి మెదడు అదిరిన పిల్లల కోసం మా దగ్గర ఒక కాగితం ఉంటుంది. తలనొప్పి ఉందా, కళ్ళు తిరుగుతున్నాయా, వెలుతురు చూస్తే చిరాగ్గా ఉందా అని ఇరవై ఒక్క ప్రశ్నలు. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు. ఎక్కువ వచ్చినవాళ్ళు ఫెయిలయ్యే పరీక్ష అన్నమాట. బొంగరానికి ముప్ఫై నాలుగు వచ్చాయి. గంటన్నర తర్వాత మళ్ళీ అడిగాను. సున్నా! నేనేం చేశానో వివరంగా రాస్తే నీకు అర్థం కాదు, అర్థమయ్యేలా రాసే ఓపిక నాకు లేదు. గంటన్నరలో సున్నా. అంతవరకు తెలుసుకుంటే నీకు చాలు.

అదే సమయంలో వరండాలో ఒక తండ్రి స్కాన్ తీయమని గొంతు చించుకుంటున్నాడు. కొడుకు నుదుటి మీద నిమ్మకాయంత బొప్పితో హాయిగా బిస్కెట్లు తింటున్నాడు. స్కాన్లో ఏం కనపడాలో చెప్పండి సార్ అన్నాను. "అది మీరు కదా చెప్పాలి?" అన్నాడు. అతని వెనకే మెళ్ళో ఈల వేలాడేసుకుని ఒక కోచ్. వాడు తీసుకొచ్చిన పిల్ల ఇంకా బకెట్లోకి వంగే ఉంది. వాడి మొదటి ప్రశ్న ఏమిటనుకున్నావ్? "మేడం, మళ్ళీ ఎప్పుడు ఆడించొచ్చు?" లోకంలో నాకు అస్సలు పడని జాతి ఏదైనా ఉందంటే అది మీ కోచ్‌ల జాతి. నిన్ను తమ్ముడివని క్షమించాను.

డిశ్చార్జి కాగితం, మూడట్టల మాత్రలు బొంగరం సంచిలో పెట్టాను. నొప్పి అంటే ఒకటి వెయ్యి. మిగతా నియమాలన్నీ గోడకి చార్టు కట్టుకుని ఊరేగుతుంటావు కదా, నీకు నేను చెప్పాలా?

నిన్ను ఇంకా భరిస్తున్న
అక్క

---

జిమ్నాస్టిక్స్ హాలు,
సామాన్ల గది,
జూన్ 11.

డాక్టరమ్మగారి సముఖానికి,

మీ శ్రీముఖం అందింది. వచ్చినవాళ్ళని వచ్చినట్టే తిట్టడానికి జీతమిచ్చే ఉద్యోగం లోకంలో నీకొక్కదానికే దొరికింది అక్కా. కోచ్‌లని తిట్టావని నాకేం కోపం రాలేదు. డాక్టర్ల మీద నా అభిప్రాయం నీకు తెలిసిందే. వేలు విరిగితే రెస్ట్ అంటారు, మెడ పట్టేస్తే రెస్ట్ అంటారు, ఏం జరిగిందో తెలీకపోతే ఇంకా గట్టిగా రెస్ట్ అంటారు. ఆ ఒక్క ముక్క నేర్చుకోడానికి పదేళ్ళ చదువు!

కానీ ఈసారి నీకు దణ్ణం పెడతాను. బొంగరం దిగేసరికి చేతి మీద చిన్న ప్లాస్టరు తప్ప ఏమీ లేదు. ఏమిటే ఇది అంటే "నీళ్ళెక్కించారు" అంది. వాంతైంది కదా, ఎక్కించి ఉంటారనుకున్నాను. నీ కాగితం చూశాను. చివరి గడిలో నీ పెద్ద పెద్ద అక్షరాలతో సున్నా, కింద సంతకం.

నువ్వు వెక్కిరించిన చార్టు సంగతికొస్తాను. తలకి దెబ్బ తగిలిన పిల్లల్ని మళ్ళీ ఆటలోకి దించడానికి అందులో ఆరు మెట్లున్నాయి. సున్నా వచ్చిన మర్నాటి నుంచి రోజుకో మెట్టు. నీ సున్నా ఆదివారంది కాబట్టి సోమవారం రైల్లో కూర్చోవడం మొదటి మెట్టు. తర్వాత నడక, పరుగు, నేల మీద పిల్లిమొగ్గలు, బరువైన కసరత్తు. శనివారం దూలం ఎక్కింది. నాలుగంగుళాల వెడల్పు దూలం మీద నీ మేనకోడలు వెనక్కి వంగి చేతులానించి లేచిందంటే, చూస్తున్న తల్లులందరూ ఊపిరి బిగబట్టారు. మెట్టు ఒక్కటి కూడా దాటెయ్యలేదు, రాసిపెట్టుకో. రోజూ పొద్దున్న నీ ఇరవై ఒక్క ప్రశ్నలూ నేనే అడిగి నోటుబుక్కులో వేస్తున్నాను. వారమంతా సున్నాలే. మీ వరండాలో ఈలవాడితో నన్ను కలిపెయ్యకు.

జూలై పదిహేనున పన్నెండేళ్ళలోపు జట్టు ఎంపిక. వచ్చే ఏడాదికి దీని వయసు దాటిపోతుంది. కాబట్టి ఉన్నది ఇదొక్కటే అవకాశం.

ఇంట్లో కరెంటు పొదుపు కూడా మొదలైందక్కా. బొంగరం గదిలో లైటు వేస్తే ఆర్పేస్తోంది, టీవీ గొంతు తగ్గించమంటోంది. నీ దగ్గర వారం రోజులుంటే ఎవరికైనా బుద్ధొస్తుందని మీ మరదలు అంటోంది. నేను భయం వల్లేమో అన్నాను.

నీ క్షమకి పాత్రుడైన
తమ్ముడు

---

డాక్టర్ల గది,
జూన్ 20.

ఒరేయ్ మొనగాడా,

ఆరు మెట్లూ లెక్కతప్పకుండా ఎక్కించావా! ఈలవాళ్ళలో లెక్కలొచ్చినవాడు ఒకడున్నాడన్నమాట. నీ ఇంట్లో పొదుపుకి కూడా నా అభినందనలు. కరెంటు వాళ్ళు నాకో శాలువా కప్పాలి.

ఇక్కడ మూర్ఖత్వానికి కొరత లేదు. నిన్న ఒక నాయనమ్మ మనవరాలిని తీసుకొచ్చింది. మంచం మీంచి పడ్డ పిల్లని పదకొండు రోజులు కిటికీలు మూసి, దుప్పట్లు వేలాడదీసి, ఎవర్నీ మాట్లాడనివ్వకుండా చీకటి గదిలో పెట్టిందట. ఎవరు చెప్పారమ్మా అంటే, ఎదురింటివాళ్ళు. ఆ పిల్లకి తలనొప్పికన్నా విసుగు ఎక్కువగా ఉంది. మా పక్కగది డాక్టరుగారు ఇంకో రకం. తుమ్మినా స్కానుకి పంపుతాడు. స్కాన్ శాస్త్రి అని పేరు పెట్టాను. ఒకరు చీకట్లో పెడతారు, ఒకరు యంత్రంలో పెడతారు. పిల్లకి ఇప్పుడు, ఈ క్షణం నొప్పిగా ఉంది, అది తగ్గించాలి అన్న ఆలోచన ఒక్కరికీ రాదు.

నాకొచ్చింది. అందుకే వచ్చే నెల ఆస్పత్రి సభలో మాట్లాడమని పెద్ద డాక్టరు నన్నే అడిగాడు. ఈ ఏడాది నా చేతి మీదుగా వెళ్ళిన తలదెబ్బ పిల్లలు అరవై రెండు మంది. వాళ్ళలో యాభై మందికి పైగా రెండు గంటల్లోపు సున్నాతో ఇంటికి వెళ్ళారు. స్కాన్ శాస్త్రి మొహం ఎలా ఉంటుందో చూడాలని ఉంది.

మా సీనియర్ నర్సు మాత్రం మూతి మూడు వంకర్లు తిప్పుతోంది. "ఇంటికెళ్ళాక సంగతేంటి మేడం?" అంటుంది. ఇంటికెళ్ళాక సంగతి ఇంట్లోవాళ్ళు చూసుకోవాలి. నేను గుమ్మం గుమ్మం తిరిగి తలలు పట్టుకు చూడనా? ఇరవై ఏళ్ళుగా ఉంటే చాలు, ప్రతివాళ్ళూ డాక్టర్లమనుకుంటారు.

అదలా ఉంచు. బొంగరం నాకు ఒక్క ముక్క రాయలేదేం? వెళ్ళిన ప్రతిసారీ వారం తిరక్కుండా ఉత్తరం రాసేది, అడుగున నా బొమ్మ వేసి దానికి కొమ్ములు పెట్టేది. జట్టులోకి వెళ్ళకముందే కళ్ళు నెత్తికెక్కాయా?

అక్క

---

సామాన్ల గది,
జూలై 6.

అక్కా,

కళ్ళు నెత్తికెక్కడం కాదు, ఒళ్ళు బరువెక్కింది. నీ ముద్దుల మేనకోడలు రోజురోజుకీ తయారవుతోంది. పిలిస్తే పలకదు, పలికితే విసుక్కుంటుంది. నిన్న వాళ్ళమ్మ మీద పళ్ళెం విసిరింది. బడి నుంచి టీచరమ్మ చీటీ పంపింది: పాఠం చదవమంటే వేలుపెట్టి ఒక్కో మాటా పట్టుకుంటోందట, బోర్డు మీదిది ఎక్కించుకోడానికి అరగంట తీసుకుంటోందట. ఒకటో తరగతి నుంచి మొదటి మార్కు తెచ్చుకునే పిల్ల. దీన్ని ఏమంటారో నాకు బాగా తెలుసు. భయం. ఎంపిక దగ్గర పడుతోందంటే పిల్లలకి కడుపునొప్పులు, కాళ్ళనొప్పులు, తలనొప్పులు అన్నీ వస్తాయి. పదిహేనేళ్ళుగా చూస్తున్నాను. ఇలాంటివాళ్ళని బుజ్జగిస్తే నెత్తినెక్కుతారు. నా కూతురైనా నాకు మినహాయింపు లేదు. నిన్న అందరి ముందూ అన్నాను, నీకన్నా ఆరేళ్ళ పిల్లలు నయమే అని.

అయినా నోటుబుక్కు చూస్తే ధైర్యంగానే ఉంటుంది. నెల దాటింది, ఒక్కరోజు కూడా సున్నా తప్పలేదు. మాటవరసకి అంటాను కానీ నీ మాత్రలు భలే మాత్రలు అక్కా. పొద్దున్న తల పట్టుకుని లేస్తుంది, ఒకటి వేస్తాను, అరగంటాగి ప్రశ్నలు అడిగితే అన్నిటికీ సున్నా. హాలుకి బయల్దేరతాం. మధ్యాహ్నం మళ్ళీ మూలిగితే ఇంకోటి. నువ్విచ్చిన మూడట్టలూ ఎప్పుడో అయిపోయాయి. తర్వాత మందులషాపులో అట్ట చూపించి తెచ్చాను, అవీ నిన్నటితో సరి. ఈసారి షాపువాడు చీటీ లేకుండా ఇవ్వనని పెద్ద పోజు కొట్టాడు. ఎంపిక దాకా సరిపడా ఒక అయిదట్టలు కొరియర్లో పంపు. ఈ వారం చాలా ముఖ్యం.

తమ్ముడు

---

డాక్టర్ల గది,
జూలై 8.

ఒరేయ్ వెధవా,

నాన్న రూలు గాలికొదిలేసి పొద్దుటి నుంచి నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎత్తవు. అందుకే కొరియర్. ఇందులో మాత్రలు లేవు.

రోజూ మాత్ర వేశావా? నెల రోజులు? మాత్ర వేసి, అరగంటాగి, నొప్పుందా అని అడిగావా? మందు పనిచేస్తున్నప్పుడు అడిగితే ఎవరికైనా సున్నాయే వస్తుందిరా, బండరాయికి కూడా వస్తుంది! మాత్ర లేకుండా వచ్చే సున్నాయే సున్నా. అది వచ్చాకే నీ దిక్కుమాలిన మెట్లు. పైగా అన్ని రోజులు వరసగా వేస్తే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి. లైటు ఆర్పేసింది, గోల పడలేదు, కోపం వచ్చింది, అక్షరాలు పట్టుకోలేకపోయింది. ఆ పిల్ల ఇంకేం చెయ్యాలి, నీకు పలక మీద రాసి చూపించాలా?

మెదడు ఇంకా మానని పిల్లని నాలుగంగుళాల చెక్క మీద తలకిందులు చేశావు. మళ్ళీ ఇంకో దెబ్బ తగిలితే ఏమవుతుందో నీకు తెలుసా? నీకేం తెలుసు. నీకు తెలిసింది ఈల. రోజూ మా వరండాలో నీలాంటి వాళ్ళని చూసి ఒళ్ళు మండిపోతుంటుంది, నా ఇంట్లోనే ఒకణ్ణి పెంచానని తెలీదు.

ఈ కాగితం అందిన క్షణం నుంచి మాత్రలు బంద్, దూలం బంద్, ఎంపిక బంద్. పిల్లని దగ్గర్లో ఉన్న పిల్లల డాక్టరుకి చూపించు. నా ఫోన్ ఎత్తు.

అక్క

---

పిల్లల వార్డు ముందు వరండా,
జూలై 13.

అక్కా,

నీ కొరియర్ వచ్చేటప్పటికి మేం ఆస్పత్రిలో ఉన్నాం. పక్కింటాయన సంతకం పెట్టి తీసుకున్నాడట. ఫోన్ ఎత్తకపోవడం నా తప్పే. అప్పటికే పడింది. నీకు ఏమని చెప్పాలో తెలీలేదు.

ఎనిమిదో తారీకు పొద్దున్న. మాత్రలు అయిపోయి రెండు రోజులు. తల పగిలిపోతోంది నాన్నా అంది. ఎంపిక అయ్యాక నీ ఇష్టం వచ్చినన్ని రోజులు పడుకో అన్నాను. దూలం మీద వెనక్కి వంగి చేతులానించబోయింది, ఆనించిన చోట దూలం లేదు. చెయ్యి గాల్లోకి వెళ్ళిపోయింది. పడింది మెత్తటి పరుపు మీదే, తల చాలా మెల్లిగా తగిలింది. లేచింది. నవ్వుతూ రెండు చేతులూ పైకెత్తి, న్యాయనిర్ణేతలు కూర్చునే వైపు తిరిగి నిలబడింది. అక్కడ ఎవరూ లేరు. "నా వంతు అయిపోయిందా సార్?" అంది నన్ను చూసి. నేను నాన్ననే అన్నాను. "సరే సార్" అంది. ఆ తర్వాత వాంతులు ఆగలేదు. ఆ మాట నేను చచ్చేదాకా మర్చిపోను.

స్కాన్ తీశారు, రక్తం అదీ ఏమీ లేదన్నారు. ఇప్పుడు నన్ను నాన్నా అనే పిలుస్తోంది. కానీ మాట నెమ్మదిగా వస్తోంది. కూర్చుంటే కళ్ళు తిరుగుతున్నాయంటోంది. ఎన్నాళ్ళకి తగ్గుతుందంటే ఇక్కడి కుర్ర డాక్టరు చెప్పలేమన్నాడు. వారాలు కావచ్చు, నెలలు కావచ్చు, పూర్తిగా తగ్గేదాకా దూలం మాట ఎత్తొద్దన్నాడు. దాచకుండా చెప్పినందుకు అతని మీద నాకు గౌరవం కలిగింది. డాక్టర్లలో నాకది కొత్త.

ఇప్పుడు నీ సంగతి. ఆ కుర్రాడు మొదటి దెబ్బప్పుడు ఏ మందులిచ్చారని అడిగాడు. నీళ్ళెక్కించారన్నాను. నీళ్ళు ఒక్కటేనా అని నీ కాగితం చూశాడు. అందులో ఏమీ లేదు. మీ విభాగానికి ఫోన్ చేశాడు. మీ సీనియర్ నర్సు పుస్తకం తీసి చదివింది. నాలుగూ పదికి సెలైన్లో వాంతులాగే మందు, తలనొప్పి తగ్గే ఇంజెక్షను. అయిదూ నలభైకి ప్రశ్నలు. సున్నా.

నీ కాగితం నకలు పంపిస్తున్నాను, కళ్ళద్దాలు పెట్టుకుని చదువు. మందు ఇచ్చినట్టు ఎక్కడుంది? ఏ గంటకి సున్నా వచ్చిందో ఎక్కడుంది? 'సున్నా' అని ఉంది, సంతకం ఉంది. నేను ఆ సున్నా నుంచే మెట్లు లెక్కపెట్టాను. మందు పనిచేస్తున్నప్పుడు అడిగితే బండరాయికి కూడా సున్నా వస్తుందని నువ్వే రాశావు కదా. నేను మాత్ర వేసి అరగంటకి అడిగాను. నువ్వు సూది వేసి గంటన్నరకి అడిగావు. మనిద్దరికీ తేడా ఏమిటంటే, నేను ఎవరి ముందూ సభలో చెప్పుకోబోవడం లేదు.

వివరంగా రాస్తే నాకు అర్థం కాదన్నావు. రెండు ముక్కలక్కా. 'మందు ఇచ్చాను' అని రెండు ముక్కలు. నేను చదువుకోలేదు గానీ ఆ మాత్రం అర్థం చేసుకునేవాణ్ణి.

నన్ను వెధవా అన్నావు. అవును, వెధవనే. తల పగిలిపోతోందన్న పిల్లని దూలం ఎక్కించాను. దానికి నీ కాగితం అడ్డం పెట్టుకోను. కానీ వరండాలో నిలబడ్డ ప్రతివాణ్ణీ పురుగుని చూసినట్టు చూసే నువ్వు, ఒకసారి నీ గదిలో అద్దం ఉందేమో చూసుకో.

తమ్ముడు

---

డాక్టర్ల గది,
జూలై 17.

తమ్ముడూ,

నకలు చదివాను. నువ్వు రాసినట్టే ఉంది.

మూడు రోజులు నీకు జవాబుగా తిట్లు వెతుక్కున్నాను. దొరికాయి కూడా. తీరా రాయబోతే అన్నీ నాకే సరిపోతున్నాయి.

ఆ రోజు నేను చేసిన వైద్యంలో తప్పులేదు. పిల్ల నొప్పితో, వాంతితో విలవిల్లాడుతుంటే తగ్గించడం నా పని, మళ్ళీ ఎవరైనా వస్తే మళ్ళీ అదే చేస్తాను. కానీ నొప్పి తగ్గడం వేరు, మెదడు మానడం వేరు. చదువుకున్న మొదటి ఏడాదే తెలిసిన విషయం. తెలిసీ, మందు కింద దాగున్న నొప్పికి సున్నా వేసి, సంతకం పెట్టి నీ చేతికిచ్చాను. ఎందుకంటే ఆ సున్నా చూస్తే నాకు ముచ్చటేసింది. గడి ఎంత బాగుందో అనుకున్నాను. నువ్వు లైటు ఆర్పేస్తోందని రాసినప్పుడు, ఇంకెవరి పిల్ల గురించైనా ఆ ముక్క విని ఉంటే కుర్చీలోంచి లేచేదాన్ని. నీ ఉత్తరంలో చదివి నవ్వాను, శాలువా అని జోకు వేశాను. నీ మాటలో పనికొచ్చేది ఏదైనా ఉంటుందని నాకెప్పుడూ తోచలేదు. అదీ అసలు రోగం.

సీనియర్ నర్సు దగ్గరకి వెళ్ళి, ఎందుకు నాతో గట్టిగా చెప్పలేదు అన్నాను. ఆవిడ చేతిలో పని ఆపకుండానే అంది: "చెప్పాను కదా మేడం. మీరు విన్నట్టు మొహం పెట్టారు." ఇరవై ఏళ్ళలో నన్ను ఎవరూ అంత శుభ్రంగా తిట్టలేదు.

ఇద్దరం కూర్చుని ఆ అరవై రెండు ఇళ్ళకీ ఫోన్లు చేస్తున్నాం. సగం పైగా అయ్యాయి. 'తగ్గిందన్నారు కదా మేడం' అన్నవాళ్ళే అందరూ. పదిహేడు మంది పిల్లలు మర్నాటికే మళ్ళీ తలనొప్పితో లేచారు. వాళ్ళలో తొమ్మిది మంది అప్పటికే బడికి, ఆటకి వెళ్ళిపోయారు. ఒక తల్లి అయితే నాకు థాంక్స్ చెప్పింది, నెల దాటాక కూడా గుర్తుపెట్టుకుని ఫోన్ చేశారని. పెద్ద డాక్టరు నన్ను పిలిచి, ఎందుకమ్మా తవ్వుకుంటావు, సభలో మంచి లెక్కలే చెప్పు అన్నాడు. ఈ లెక్కలే చెప్తానన్నాను. స్కాన్ శాస్త్రి మొదటి వరసలో కూర్చుంటాడట. కూర్చోనీ.

మా కాగితం అడుగున ఇప్పుడు పెన్నుతో ఒక గీత గీసి 'ఇచ్చిన మందు, ఇచ్చిన గంట' అని నేనే రాస్తున్నాను. అచ్చువేయించడానికి కమిటీ కూర్చోవాలట. ఆ కమిటీ గురించి నా అభిప్రాయం ఇంకో ఉత్తరంలో రాస్తాను, కాగితం కాలిపోతుంది.

శనివారం బయల్దేరి వస్తున్నాను. నువ్వు తలుపు తియ్యకపోతే మెట్ల మీద కూర్చుంటాను. బొంగరానికి నేనే చెప్పాలి.

అక్క

---

మా ఇల్లు,
నా గది, కిటికీ సగం తెరిచి ఉంది,
ఆగస్టు 21 నుంచి 30.

అత్తా,

రోజుకి పది నిమిషాలే రాయొచ్చని డాక్టరు చెప్పాడు, అమ్మ గడియారం పట్టుకుని కూర్చుంటుంది. అందుకని ఈ ఉత్తరం పది రోజులు రాస్తున్నాను. వంకరగా ఉంటే చదువుకో.

నువ్వొచ్చినప్పుడు సారీ చెప్పావు. అప్పుడు నాకు నిద్రొస్తోంది, అందుకే ఏమీ అనలేదు. తర్వాత నువ్వూ నాన్నా వంటింట్లోకి వెళ్ళి గుసగుసగా పోట్లాడుకున్నారు. నాకు అరుపులకన్నా గుసగుసలే ఎక్కువ నొప్పి. ఇది మీ ఇద్దరికీ తెలీదు. తప్పు నాదంటే నాదని గంటసేపు కొట్టుకున్నారు. తల నాది.

నీ ఉత్తరాలు, నువ్వొచ్చినప్పుడు తెచ్చిన నాన్న ఉత్తరాలు అమ్మ నాకు చదివి వినిపించింది, నేనే అడిగాను. మీ ఇద్దరూ పెద్ద పెద్ద మాటలు రాసుకున్నారు గానీ ఒకటి తప్పు రాశారు. మందు వల్ల సున్నా వచ్చిందని రాశారు. సున్నా రాలేదు.

నువ్వు అడిగేటప్పుడు 'నొప్పి ఉందా' అని అడగలేదు అత్తా. 'ఇప్పుడు నొప్పి లేదుగా బంగారం?' అని తల అడ్డంగా ఊపుతూ అడిగావు. నర్సు వైపు చూసి, చూశావా అన్నట్టు నవ్వావు. కొంచెం తగ్గింది నిజమే. కానీ వెలుతురు గుచ్చుకుంటోంది, నువ్వు రెండుగా కనిపిస్తున్నావు. ఇద్దరు అత్తలూ అంత సంతోషంగా ఉంటే ఉందని ఎలా చెప్పను? లేదన్నాను. ఇరవై ఒక్కసార్లు లేదన్నాను.

నాన్న ఇంకా ఘోరం. నన్ను అడక్కముందే నోటుబుక్కులో సున్నాలు వేసేసి, తర్వాత అడిగేవాడు. నేను చూశాను. ఒకరోజు రెండు అన్నాను. "రెండా? సరిగ్గా ఆలోచించి చెప్పవే" అన్నాడు. ఆలోచించి సున్నా అన్నాను. మీ ఇద్దరికీ పరీక్షలు పెట్టడం రాదు. మా లెక్కల టీచరుకి వచ్చు. జవాబు చెప్పేదాకా ఆవిడ మొహంలో ఏమీ కనపడదు.

ఎంపిక అయిపోయింది. నా బదులు వెళ్ళిన పిల్ల నాకన్నా బాగా చెయ్యదు. రెండు రోజులు ఏడ్చాను, ఏడిస్తే తల నొప్పెడుతుందని ఆపేశాను. నాన్న హాలు నుంచి పెందరాళే వచ్చేస్తున్నాడు. వచ్చి గడప దగ్గర నిలబడి నన్ను ఏమీ అడక్కుండా చూస్తాడు. అడక్కూడదని ఎవరో చెప్పారనుకుంటాను. అది ఇంకా చిరాకు.

మళ్ళీ దూలం ఎక్కుతానో లేదో డాక్టరుకీ తెలీదట. మీకు తెలిసినట్టు మాట్లాడొద్దు. ఎక్కాలని ఉందా అని ఇంకా ఎవరూ నన్ను అడగలేదు, ఇప్పుడే అడగొద్దు కూడా.

నిన్న బడి పుస్తకంలో ఒక పేజీ వేలు పెట్టకుండా చదివాను. అమ్మకి చెప్పలేదు, మొదట నీకే రాస్తున్నాను. ఎందుకో తెలీదు. పొంగిపోయి ఎవరికీ చెప్పకు.

ఇప్పుడు పెన్ను తీసుకో. మాత్ర వేసుకోలేదు, ఇక్కడి డాక్టరు ఇచ్చింది కూడా వేసుకుని పన్నెండు రోజులైంది. ఇవాళ తలనొప్పి రెండు. వెలుతురు ఒకటి. కళ్ళు తిరగడం ఒకటి. కోపం మూడు. మిగతావి సున్నా, నిజం సున్నా. ఇది నన్నెవరూ అడగలేదు, నేనే చెప్తున్నాను.

రాసుకో.